వృద్ధజన బాంధవుడు ఉడ్స్‌వర్త్

మనుష్యునకు శైశవమున తల్లి దిక్కు. యౌవనమున తన బాహుబలమే దిక్కు. వార్ధకమున కన్నబిడ్డలు దిక్కు. మన పెద్దలు నమ్మిన మాట ఇది. కాని బిడ్డలు లేనివారికి, ఉన్నను ఆ బిడ్డలే కూటికి గడవక దూరదేశములకు పోయినవారికి, జీవితమంతయు పరుల పొలములందును కర్మాగారములందును పాటుపడి కాసైనను మిగుల్చుకొనలేకపోయినవారికి దిక్కెవ్వరు? ఈ ప్రశ్న ఏ ఒక్క దేశమునకో చెందినది కాదు. నేడు మన వీధిలోని అవ్వ పింఛను అందుకొని మందులు కొనుక్కొనుచుండగా మనకది సామాన్య విషయముగా తోచును. ఆ సొమ్ము ఎవరో వేసిన భిక్షము కాదనియు, చట్టము ఇచ్చిన హక్కనియు ఒప్పించుటకై అనేక దేశములలో అనేకులు ఏండ్ల తరబడి పాటుపడిరి. అట్టివారిలో కెనడా దేశపు పార్లమెంటు సభ్యుడైన జేమ్స్ షేవర్ ఉడ్స్‌వర్త్ ఒకడు. ఆ మహనీయుని చరిత్రమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపదలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఉడ్స్‌వర్త్ ఎన్నడును మంత్రిపదవి నెఱుగడు. ఆయన ధనికుడు కాడు, సేనాని కాడు. 245 మంది సభ్యులున్న కామన్సు సభలో ఒకానొక సమయమున ఆయన వర్గమునకు ఉన్న బలము ఆయనతో కలిపి ఇద్దరు మాత్రమే. ఆ ఇద్దరి ఓట్లతో ఒక దేశమునందలి వృద్ధులకు పింఛను చట్టము ఎట్లు లభించినదో తెలిసికొనుటయే ఈ చరిత్రమునందలి సారము. సంఖ్యలో కొలదిగా ఉన్నవారు ఏమి చేయగలరను సందేహము మనవంటివారికి అప్పుడప్పుడు కలుగుచుండును. కావున ఈ కథ మనకు మఱింత ఆప్తమైనది.

ఉడ్స్‌వర్త్ 1874 వ సంవత్సరము జూలై 29 వ తేదీన ఒంటారియో రాష్ట్రమున టొరాంటో నగరమునకు సమీపమున నున్న ఎటోబికోలో జన్మించెను. తండ్రి క్రైస్తవమతమునందలి మెథడిస్టు శాఖకు చెందిన బోధకుడు. ఆ కాలమున కెనడా పశ్చిమ భాగమంతయు కొత్తగా జనులు వచ్చి నివసించుచున్న మైదానప్రదేశము. తండ్రి మతసేవ నిమిత్తము కుటుంబముతో అచ్చటికి తరలిపోయి, కొంతకాలమునకు మానిటోబా రాష్ట్రములోని బ్రాండన్ పట్టణమున స్థిరపడెను. బాలుడు ఆ మైదానముల చలిగాలులలో, దైవభక్తియు కష్టజీవనమును కలసిన ఇంటిలో పెరిగెను. ఆరుగురు బిడ్డలలో అతడే పెద్దవాడు.

విన్నిపెగ్ నగరమున వెస్లీ కళాశాలలో చదివి 1896 లో పట్టము పొందిన పిమ్మట అతడు టొరాంటోలోను, ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డులోను విద్య కొనసాగించెను. లండను నగరమున పేదలు క్రిక్కిరిసి నివసించు పేటలను చూచినప్పుడు ఆ యువకుని మనస్సు కలతచెందెను. ప్రపంచమునందెల్ల భాగ్యవంతమని పేరొందిన రాజధానిలో ఇంతటి దారిద్ర్యము ఎట్లు నిలిచియున్నదని అతనికి సందేహము కలిగెను. ఆత్మలను రక్షింపవలెనని బోధించువాడు ఆకలిగొన్న దేహములను విడిచిపెట్టవచ్చునా? ఈ ప్రశ్న ఆయనను జీవితాంతము వెన్నాడినది.

స్వదేశమునకు తిరిగివచ్చి మతబోధకుడైన ఉడ్స్‌వర్త్, 1907 లో విన్నిపెగ్ నగరపు ఉత్తరభాగమున ఆల్ పీపుల్స్ మిషన్ అను సేవాసంస్థకు అధికారియయ్యెను. ఆ భాగమునందు రైలుపట్టాల ఆవల ఉక్రేనియనులు, పోలిష్‌వారు, జర్మనులు, యూదులు మొదలుగా అనేక భాషల జనులు ఇఱుకు ఇండ్లలో కాపురముండిరి. వారికి ఇంగ్లీషు రాదు. పని దొరకిన నాడు తిండి. దొరకని నాడు పస్తు. జబ్బుచేసినను, యజమాని మోసగించినను ఎవరితో మొఱపెట్టుకొనవలెనో వారికి తెలియదు. ఉడ్స్‌వర్త్ అచ్చట శిశుపాఠశాలలను, రాత్రిబడులను, కుట్టుపని తరగతులను నడపించెను. ఇంటింటికి తిరిగి ఆ కుటుంబముల ఆదాయమెంత, అద్దె యెంత, తిండికి మిగులుచున్నదెంత అని లెక్కలు వ్రాసికొనెను. ఆ లెక్కలే తరువాత పార్లమెంటులో ఆయనకు ఆయుధములైనవి. దారిద్ర్యమునకు సోమరితనమే కారణమని పలువురు నమ్ముచుండిరి. ఆరుదినములు కష్టపడినవాని కూలి కుటుంబపోషణకు చాలకున్నచో అది సోమరితనము కాదని ఆయన ఆ లెక్కల వలన గ్రహించెను.

ఇచ్చట ఒక విషయమును దాచక చెప్పవలసియున్నది. 1909 లో ఆయన ప్రకటించిన మన గుమ్మములోని పరదేశులు అను అర్థము గల పుస్తకమున, వలసవచ్చిన జాతులను ఎక్కువ తక్కువలుగా విభజించెను. ఆసియావారు, అందును మన దేశీయులు, కెనడా సమాజములో కలియజాలరను ఆనాటి దురభిప్రాయము ఆయనకును ఉండెను. గొప్పవారియందును లోపములుండుననుటకు ఇది తార్కాణము. కాని ఆయన అచ్చటనే నిలిచిపోలేదు. ఏండ్లు గడచినకొలది ఆ భావములనుండి దూరమయ్యెను. 1930 తరువాతి దశాబ్దములో ఆయన నాయకత్వమునందలి పక్షము, ఆసియావారికి ఓటు లేని ఆ రోజులలో, వారికి ఓటుహక్కు ఇయ్యవలెనని వాదించి, ఆ కారణముగ ఎన్నికలలో నిందలకు పాల్పడినది. మనుష్యుడు నేర్చుకొనుచు పోవుట ఎంతటి మేలో ఇందువలన తెలియును.

మొదటి ప్రపంచయుద్ధము ఆయన జీవితమును తలక్రిందులు చేసెను. ఉడ్స్‌వర్త్ అహింసావాది. యువకులను బలవంతముగ సైన్యములో చేర్చుటకు దారితీయునని, 1916-17 నాటి జాతీయ నమోదును ఆయన బహిరంగముగా వ్యతిరేకించెను. అప్పుడాయన మూడు పశ్చిమ రాష్ట్రముల ప్రభుత్వములు పెట్టిన సాంఘిక పరిశోధన కార్యాలయమునకు అధికారి. ఆ కార్యాలయమును మూసివేసిరి. ఆయన ఉద్యోగము పోయెను. యుద్ధమును ప్రోత్సహించుచున్న మతసంఘమున ఇక ఉండజాలక 1918 లో బోధకపదవికి రాజీనామా యిచ్చెను. నలువదినాలుగేండ్ల వయస్సున, ఆరుగురు బిడ్డల తండ్రియైన ఆ విద్వాంసుడు, చిన్న శరీరము గలవాడు, వాంకూవరు రేవులో ఓడల సరకులు మోయు కూలియయ్యెను. భార్య లూసీ ధైర్యముతో సంసారమును నిర్వహించినది. కూలివాని జీవితమును ఆయన అంతకుముందు లెక్కలలో చూచియుండెను. ఇప్పుడు తన భుజముల మీద చూచెను.

1919 మే నెల 15 వ తేదీన విన్నిపెగ్ నగరమున సార్వత్రిక సమ్మె ప్రారంభమైనది. సుమారు 30,000 మంది శ్రామికులు పని మానిరి. ఉపన్యాసములిచ్చుచు ఆ నగరమునకు వచ్చిన ఉడ్స్‌వర్త్, సమ్మె పత్రిక సంపాదకుని ప్రభుత్వము నిర్బంధింపగా తాను ఆ పత్రికాభారమును వహించెను. జూన్ 21 న పోలీసులు గుంపుపై కాల్పులు జరుపగా ఇద్దరు మరణించిరి. జూన్ 23 న ఉడ్స్‌వర్త్‌ను నిర్బంధించి రాజద్రోహపు వ్రాతలు ప్రకటించెనని నేరము మోపిరి. ఆ అభియోగపత్రములో చేర్చిన వ్రాతలలో బైబిలునందలి యెషయా ప్రవక్త వాక్యములును ఉండుట వింతయైన సంగతి. విధవలను, తండ్రిలేని బిడ్డలను దోచుకొనునట్టి అన్యాయపు చట్టములు చేయువారిని ఆ ప్రవక్త నిందించెను. అట్టి వాక్యములను ప్రకటించుట నేరమని తలచిన ప్రభుత్వము చివరకు ఆ వ్యాజ్యమును నడుపనేలేదు. కాని ఆ సంఘటనము ఆయనకు ఒక పాఠము నేర్పినది. పేదల కష్టము చట్టముల వలన కలిగినచో, దానిని తొలగించుటయు చట్టముల వలననే జరుగవలెను.

1921 డిసెంబరు ఎన్నికలలో విన్నిపెగ్ నగరపు శ్రామికులు ఉడ్స్‌వర్త్‌ను పార్లమెంటునకు పంపిరి. అది మొదలు మరణపర్యంతము ఆయన సభ్యుడుగా నుండెను. కాల్గరీనుండి వచ్చిన విలియం ఇర్విన్ ఆయనకు తొలినాళ్ళ సహచరుడు. నిరుద్యోగము, శ్రామికుల హక్కులు, వాక్స్వాతంత్ర్యము, వృద్ధాప్యపు పింఛను అను విషయములనే ఆయన మాటిమాటికి సభ ముందు పెట్టెను. వినువారు విసిగినను ఆయన విసుగలేదు.

ఆ కాలపు వృద్ధుల స్థితిని కొంత తెలిసికొందము. జర్మనీలో 1889 నాటికే వృద్ధాప్యపు భీమాచట్టము ఉన్నది. డెన్మార్కు 1891 లోను, న్యూజిలాండు 1898 లోను, బ్రిటను 1908 లోను పింఛను చట్టములు చేసినవి. కెనడాలో మాత్రము 1908 లో ఒక పొదుపు పథకమును పెట్టి ఊరకుండిరి. యౌవనమున ప్రభుత్వమునొద్ద సొమ్ము దాచుకొన్నవారికి వృద్ధాప్యమున ఏటేట కొంత ముట్టునని దాని ఏర్పాటు. దాచుకొనుటకు మిగులే లేనివారికి దానివలన ప్రయోజనమేమి? అందు చేరినవారు అతిస్వల్పులు. దిక్కులేని వృద్ధులు బంధువుల ఇండ్ల మూలల్లోనో, పురపాలక సంఘముల అనాథశాలలలోనో చివరిదినములు గడపుచుండిరి. అనాథశాలలో చేరుట సిగ్గుచేటని లోకము తలచెడిది. 1924 లో పార్లమెంటు నియమించిన ఒక సంఘము, డెబ్బదియేండ్లు నిండిన పేదలకు నెలకు 20 డాలర్ల పింఛను ఇయ్యవచ్చునని సూచించెను. సూచన కాగితముననే నిలిచిపోయెను.

ఇట్లుండగా 1925 అక్టోబరులో ఎన్నికలు వచ్చినవి. కన్సర్వేటివు పక్షమునకు ఎక్కువ స్థానములు లభించినను సభలో సగమునకు మించలేదు. ప్రధానమంత్రి మెకంజీ కింగ్ నాయకత్వమునందలి లిబరలు పక్షము రెండవ స్థానమున నిలిచెను; కింగ్ తన స్వంత స్థానమును గూడ పోగొట్టుకొనెను. అయినను రైతుపక్షము వారి మద్దతు దొరకునను ఆశతో ఆయన పదవిని విడువలేదు. సభలో ఒక్కొక్క ఓటు బంగారమైనది. శ్రామికవర్గము తరపున గెలిచినవారు ఇద్దరు. ఒకరు ఉడ్స్‌వర్త్, రెండవవాడు ఉత్తర విన్నిపెగ్‌నుండి గెలిచిన ఏబ్రహాం హీప్స్. ఈ హీప్స్ ఇంగ్లండులో పుట్టిన యూదుడు. కుర్చీలకు మెత్తలు కుట్టు పనివాడు. 1919 సమ్మె సందర్భమున న్యాయస్థానమున విచారణ నెదుర్కొని నిర్దోషిగా విడుదలయైనవాడు. మెథడిస్టు బోధకుడుగా నుండినవాడొకడు, యూదు కార్మికుడొకడు. వీరిద్దరి స్నేహము చూడముచ్చటైనది.

ఆ సమయమున వీరు ఏమి చేసిరో విద్యార్థులు జాగ్రత్తగా గమనింపవలెను. 1926 జనవరిలో వీరు ప్రధానమంత్రియగు కింగ్‌కును, ప్రతిపక్షనాయకుడగు ఆర్థర్ మీఘెన్‌కును ఒకే విధమైన జాబు వ్రాసిరి. ఈ సమావేశములోనే నిరుద్యోగులకు సాయము చేయు ఏర్పాటును, వృద్ధాప్యపు పింఛను చట్టమును ప్రవేశపెట్టుదురా యని అడిగిరి. తమకు పదవులు కోరలేదు. తమ నియోజకవర్గమునకు వంతెననో కచ్చేరినో కోరలేదు. ఇరుపక్షములకు ఒకే ప్రశ్న వేసిరి. మంచి సమాధానమిచ్చిన పక్షమునకు మద్దతు నిత్తుమనిరి. మీఘెన్‌నుండి ఆశించిన హామీ రాలేదు. కింగ్ వారిని పిలిపించి మాటలాడెను. వారు నోటిమాటతో తృప్తిపడక వ్రాతపూర్వకముగ సమాధానము కోరిరి. జనవరి 28 వ తేదీన కింగ్ పింఛను బిల్లును ఆ సమావేశముననే తెత్తునని జాబు వ్రాసి సంతకము చేసెను. ఉడ్స్‌వర్త్ ఆ జాబును సభ యెదుట పెట్టి దేశమంతటికి తెలియజేసెను. ఇక వెనుదిరుగుటకు ప్రధానమంత్రికి దారి లేకపోయెను.

బిల్లు వచ్చినది. కామన్సు సభ ఆమోదించినది. అంతట కథ ముగిసినదని తలపరాదు. కెనడా పార్లమెంటున సెనేటు అను రెండవ సభ కలదు. దాని సభ్యులను ప్రజలు ఎన్నుకొనరు, ప్రభుత్వము నియమించును. ఆ రోజులలో వారు జీవితాంతము ఆ పదవిలో ఉండుచుండిరి. పింఛను ఇచ్చినచో జనులు పొదుపు మఱచెదరనియు, బిడ్డలు తలిదండ్రులను చూచుట మానెదరనియు, ఇది రాష్ట్రముల పనిగాని కేంద్రము పని కాదనియు పలికి 1926 జూన్ మాసమున సెనేటు ఆ బిల్లును త్రోసివేసెను. తమ వార్ధకమునకు ప్రభుత్వపు ఖజానానుండి భద్రత గలవారే పేదల వార్ధకమునకు అది తగదని తీర్పు చెప్పుట ఎట్టిదో పాఠకులే ఊహించుకొందురుగాక.

ఆ నెలలోనే సుంకములశాఖలో బయటపడిన అక్రమముల వలన కింగ్ ప్రభుత్వము దిగిపోయెను. మీఘెన్ ప్రధానియై కొలది దినములలోనే సభలో ఓడిపోయెను. సెప్టెంబరు 14 న మరల ఎన్నికలు జరిగినవి. ఈమాఱు వృద్ధుల పింఛను దేశమంతట చర్చనీయాంశమైనది. కింగ్ గెలిచి బిల్లును మరల తెచ్చెను. ప్రజల అభిప్రాయమును చూచిన సెనేటు ఈసారి అడ్డుపడలేదు. 1927 మార్చి 31 వ తేదీన వృద్ధాప్యపు పింఛను చట్టము కెనడాలో అమలునకు యోగ్యమైనది.

ఆ చట్టమునందలి ఏర్పాటులు ఎట్టివో చూతము. డెబ్బదియేండ్లు నిండవలెను. బ్రిటిషు పౌరసత్వము ఉండవలెను. కెనడాలో ఇరువదియేండ్లును, ఆ రాష్ట్రములో ఐదేండ్లును నివసించియుండవలెను. పింఛను నెలకు 20 డాలర్లు, అనగా ఏడాదికి 240 డాలర్లు. ఇతర ఆదాయము 125 డాలర్లు మించినచో పింఛనులో అంత తగ్గింతురు. 240 ని 125 తో కూడినచో 365 అగును. అనగా వృద్ధునకు దినమునకొక డాలరు చాలునని ప్రభుత్వము కట్టిన లెక్క. ఖర్చులో సగము కేంద్రము, సగము రాష్ట్రము భరింపవలెను. రాష్ట్రము ఇష్టపడిననే చట్టము అచ్చట అమలగును. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రము 1927 లోనే మొదట చేరినది. కడపటి రాష్ట్రములు 1936 లో గాని చేరలేదు.

అందు కఠినమైన నిబంధనలును కలవు. పింఛను పుచ్చుకొన్నవారు చనిపోయిన పిమ్మట వారి ఆస్తినుండి ఆ సొమ్మును తిరిగి రాబట్టుకొనవచ్చును. ప్రతి వృద్ధుడు తన బీదతనమును అధికారి యెదుట రుజువు చేసికొనవలెను. అన్నిటికంటె బాధాకరమైనది, ఆ నేలకు మొదటి హక్కుదారులైన ఆదిమజాతుల వారిని చట్టము బొత్తిగా మినహాయించినది. వలసవచ్చి పౌరసత్వము పొందనివారికిని, ఇరువదియేండ్లు నిండనివారికిని దక్కలేదు. ఉడ్స్‌వర్త్ సేవచేసిన ఉత్తర విన్నిపెగ్ వీధులలోని పలువురు ఆ విధముగ బయటనే నిలిచిపోయిరి.

ఇట్టి అసంపూర్ణమైన చట్టమును అంగీకరింపవచ్చునా? కోరినదంతయు వచ్చువఱకు ఏమియు వలదని భీష్మించుట కొందఱి మార్గము. వచ్చినదానితో తృప్తిపడి నిద్రించుట మఱికొందఱి మార్గము. ఉడ్స్‌వర్త్ ఈ రెంటిని విడిచెను. నేడు ఆకలితో నున్న ముసలివాడు రేపటి మంచి చట్టము వచ్చువఱకు బ్రదుకజాలడు గదా! కావున వచ్చినదానిని గైకొనెను. మఱునాటినుండి మిగిలినదానిని అడుగ మొదలిడెను. వయఃపరిమితి తగ్గింపుడని, రాష్ట్రములపై భారము తగ్గింపుడని ఒత్తిడి సాగినది. 1931 లో కేంద్రము భరించు భాగము సగమునుండి మూడువంతులకు పెరిగెను. 1937 లో నలువదియేండ్లు దాటిన అంధులకును పింఛను వర్తించెను.

1929 తరువాత ప్రపంచమును ఆవరించిన ఆర్థికమాంద్యము కెనడాను క్రుంగదీసినది. మైదానములలో వానలు లేక పైరులు ఎండినవి. నగరములలో కర్మాగారములు మూతపడినవి. ఉడ్స్‌వర్త్ రైతులను, శ్రామికులను, విద్వాంసులను ఒక త్రాటిపైకి తెచ్చెను. 1932 ఆగస్టులో కాల్గరీ నగరమున సహకార కామన్వెల్తు సమాఖ్య అను కొత్త పక్షము ఏర్పడి ఆయనను నాయకునిగా ఎన్నుకొనెను. మఱుసటి యేడు రెజైనా నగరమున తన సిద్ధాంతపత్రమును ప్రకటించెను. 1935 ఎన్నికలలో ఆ పక్షమునకు ఏడు స్థానములు దక్కినవి. రెండు ఏడైనవి. నిరుద్యోగభీమా కొఱకు ఆయన 1920 తరువాతినుండి అడుగుచునే యుండెను. 1940 లో రాజ్యాంగమును సవరించి ఆ చట్టమును చేసిరి.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధమున కెనడా చేరవలెనను తీర్మానము సభకు వచ్చెను. ఆయన పక్షమువారే యుద్ధమునకు పరిమితమైన మద్దతు ఇయ్య నిశ్చయించిరి. ఉడ్స్‌వర్త్ మాత్రము తన అహింసావ్రతమును విడువజాలక పక్షనాయకుడై యుండియు ఒంటరిగా లేచి వ్యతిరేకించెను. అప్పటికే అనారోగ్యమున ఆయన చూపు మందగించియుండెను. ఉపన్యాసపు ముఖ్యాంశములను భార్య పెద్ద పెద్ద అక్షరములతో వ్రాసి యిచ్చినది. ఆయన అభిప్రాయముతో ఏకీభవింపనివారు గూడ ఆ నిష్ఠను గౌరవించిరి. ప్రధానమంత్రి కింగ్ తానే సభలో ఆయనను ప్రశంసించెను. ఓటర్లు 1940 లో స్వల్పాధిక్యముతో ఆయననే మరల గెలిపించిరి. ఆ యేడే పక్షవాతము ఆయనను మంచము పట్టించెను. 1942 మార్చి 21 వ తేదీన వాంకూవరు నగరమున ఆ మహనీయుడు కన్నుమూసెను.

ఆయన నాటిన చెట్టు ఆయన పిదప ఫలించెను. 1951 లో పార్లమెంటు కొత్త చట్టము చేసి, 1952 జనవరి మొదలు డెబ్బదియేండ్లు నిండిన వారందఱికి, నివాసకాలపు నిబంధన తప్ప బీదతనపు పరీక్ష లేక, నెలకు 40 డాలర్లు ఇయ్య మొదలిడెను. ఆదిమజాతుల వృద్ధులును అందు చేరిరి. తరువాత 1966-1970 సంవత్సరముల నడుమ వయఃపరిమితి క్రమముగ అఱువదియైదునకు తగ్గినది. ఆయన కుమార్తె గ్రేస్ మాకిన్నిస్ తండ్రి జీవితచరిత్రమును 1953 లో ప్రకటించి, 1965 లో తానును పార్లమెంటు సభ్యురాలయ్యెను.

మన దేశపు రాజ్యాంగము 41 వ అధికరణమున వార్ధకము, వ్యాధి, నిరుద్యోగము మొదలగు కష్టములలో ప్రజలకు సాయపడుట రాజ్యము యొక్క కర్తవ్యమని చెప్పినది. 1995 ఆగస్టు 15 న జాతీయ సాంఘిక సహాయ కార్యక్రమము ఆరంభమై, అందు వృద్ధాప్యపు పింఛను దేశమంతటికి వర్తించెను. చట్టము చేయుట యొక మెట్టు. అది అర్హులకు అందుట వేఱొక మెట్టు. ఈ రెండవ మెట్టునొద్ద మా విద్యార్థులకు పని యున్నది.

మనము తరతరములుగ ఈ నేలపై నివసించుచున్నవారము. ఇంటిలో తెలుగు, కచ్చేరిలో రాష్ట్రభాష. మన వృద్ధులలో పలువురకు తెలుగు మాత్రమే వచ్చును; దరఖాస్తు కాగితము వేఱొక లిపిలో నుండును. ఎచ్చట పేరు వ్రాయవలెనో, ఏ రుజువు జతపఱుపవలెనో తెలియక, అర్హత యుండియు ఊరకుండువారు ఉందురు. కొలదిమందిమి గావున మన మాట ఎవరు విందురని నిరాశపడువారును ఉందురు. వారికి ఉడ్స్‌వర్త్, హీప్స్‌ల కథ చెప్పుడు. ఆ ఇద్దరు తమకేమియు కోరలేదు. కోరినదానిని స్పష్టముగ కోరిరి. వచ్చిన మాటను కాగితముపై వ్రాయించుకొనిరి. త్రోసివేసినప్పుడు మరల అడిగిరి.

విద్యార్థులారా! మీరు రెండు భాషలు చదువనేర్చినవారు. ఈ సెలవులలో మీ వీధిలోని ముసలివారి యొద్దకు పొండు. పింఛను వచ్చుచున్నదా యని అడుగుడు. రానిచో కారణమేమో తెలిసికొనుడు. దరఖాస్తును వారికి తెలుగున చదివి వినిపించి, రాష్ట్రభాషలో పూర్తిచేసి, ఇచ్చిన తేదీతో రసీదు పుచ్చుకొని వారి చేతికిండు. నెల గడచినను జవాబు రాకున్నచో మరల వ్రాయుడు.